తడి ఆరేలోపు చదివిన గోడ

పక్కింటివాళ్ళు ఈరోజు ప్రహరీగోడకు సున్నం వేయిస్తున్నారు. ఈ రోజుల్లో కూడా సున్నం వేయించేవాళ్ళు ఉన్నారా అనుకుంటూ కాఫీ గ్లాసుతో బాల్కనీలోకి వచ్చాను. హోసూరు పొద్దుటి చలిలో నానిన సున్నం వాసన ఇంకా చల్లగా ఉంది. పనివాడు బ్రష్షు ముంచి ఒక వరస పూసుకుంటూ పోతున్నాడు. పూసిన చోట గోడ వెంటనే తెల్లబడలేదు. తడిగా ఉన్నంతసేపు కిందున్నవన్నీ మునుపటికంటే బాగా కనిపించాయి: నాచు మరకలు, పాత పగులు, ఎవరో పిల్లలు బొగ్గుతో గీసిన సైకిలు. ఆరేకొద్దీ సైకిలు హ్యాండిలు పోయింది, తరవాత ఒక చక్రం పోయింది. కాఫీ చల్లారిపోయిందని గ్లాసు చెబితే తెలిసింది. నా పెదాలు కదులుతున్నాయని అప్పుడే గమనించాను. "సైకిలు. ముందు చక్రం పెద్దది, వెనకది చిన్నది. సీటు లేదు" అని పైకే చదువుతున్నాను. పనివాడు నావైపు అదోలా చూసి మళ్ళీ బ్రష్షు ముంచాడు. ఈ పిచ్చి నాకు తాయమ్మక్క అంటించింది.

తాయమ్మక్క మా ఆఫీసు యజమాని. ఆఫీసు అంటే పెద్దగా ఊహించుకోకండి. రాయకోట రోడ్డులో గులాబీలు ప్యాకింగు చేసే షెడ్డు ఒకటి ఉండేది. దాని మేడమీద రెండు గదులు, ఐదు కుర్చీలు, అక్క కాక నలుగురం మనుషులం. పువ్వుల తోటలవాళ్ళకూ పాలకేంద్రాలవాళ్ళకూ చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిపెట్టేవాళ్ళం. కిందనుంచి రోజంతా కోసిన గులాబీ కాడల పచ్చివాసన వచ్చేది. ఆ వాసనలో పని చేస్తూంటే సగం నిద్రలో ఉన్నట్లుండేది. నేను తుని దగ్గర పల్లెనుంచి, పెట్టె చేత్తో పట్టుకుని, ఆ మెట్లెక్కి వచ్చాను. యాభై దాటిన ఆవిడ, నూలుచీర, ముక్కుకు రెండువైపులా పుడకలు, బల్లమీద వేయించిన వేరుశనక్కాయల గిన్నె. కాఫీలు ఇచ్చే ఆవిడేమో అనుకుని "మేనేజరుగారు ఉన్నారాండి?" అని అడిగాను.

"యాడినుంచి వచ్చినావమ్మా?" అంది ఆవిడ, కాయ ఒలుస్తూనే.

"తుని దగ్గరనుంచండి."

"అండి అండి అని నన్ను ముసిల్దాన్ని చేస్తా ఉండావు. అక్కా అను, సాలు. కూచో. మేనేజరు నేనే."

నాకు తల కొట్టేసినట్లయింది. ఆవిడ మాత్రం గిన్నె నావైపు జరిపింది. అదే ఇంటర్వ్యూ. ఏ కాలేజీ, ఎన్ని మార్కులు అని ఒక్క మాట అడగలేదు. కిందటిసారి నువ్వు చేసిన తప్పు ఏమిటి, అది ఎవరికి చెప్పావు అని మాత్రం అడిగింది. నేను గొప్పగా "నేను తప్పులు దిద్దుకున్నాకే చూపిస్తానక్కా" అన్నాను. ఆవిడ వేలితో బల్లమీద ఒకసారి టక్కున తట్టింది. అప్పట్లో ఆ చప్పుడు అర్థం నాకు తెలీదు.

తరవాత తెలిసింది. తాయమ్మక్క ఇరవై ఏళ్ళు ఒక ఫ్యాక్టరీలో, తయారైన భాగాలు కొలతకు సరిపోయాయా లేదా చూసే గదిలో పని చేసింది. కొలత తప్పిన ముక్క చేతికొస్తే మాట్లాడకుండా బల్లమీద తట్టేదట, పక్కనున్న మనిషి దాన్ని తీసి అవతల పడేసేవాడట. ఆ అలవాటు సొంత ఆఫీసుకూ తెచ్చుకుంది. ఆవిడకు కోడు రాదు. కానీ ప్రతి శనివారం మధ్యాహ్నం మేం నలుగురం ఆ వారం రాసినదాన్ని కంప్యూటరు మూసేసి, నోటితో చెప్పాలి. తెలుగో తమిళమో కన్నడమో, నీకు ఏది వస్తే అది. ఆవిడ కళ్ళు మూసుకుని కాయలు ఒలుచుకుంటూ వినేది. ఎక్కడో మన మాట మనకే పొసగని చోట, వేలు టక్కుమనేది. వెనక్కి వెళ్ళి చూసుకుంటే నూటికి తొంభై పాళ్ళు అక్కడే తప్పు ఉండేది. ఇది ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ తెలీదు. గొంతులో తెలుస్తుంది అనేది ఆవిడ.

ఇంకో పద్ధతి ఉండేది, నన్ను మొదటి వారమే ఇబ్బంది పెట్టింది. గోడకున్న తెల్లబోర్డు నిండా ఎవరివో పాత గీతలున్నాయి. నేను నా లెక్క వేసుకుందామని గుడ్డ తీసుకుని తుడవబోయాను.

"చదివినావా?" అంది తాయమ్మక్క వెనకనుంచి.

"లేదక్కా. పాతవే కదా."

"పాతవని ఎవురు చెప్పిరి నీకు? ముందు పైకి చదువు. ఇది ఎవురికన్నా కావల్లనా అని అడుగు. అప్పుడు తుడువు."

నలుగురి ముందు, మూడో తరగతి పిల్లలా నిలబడి బోర్డంతా చదివాను. ఒకడు "ఆ మూడో గీత నాకు కావాలి" అని కాగితంమీద ఎక్కించుకున్నాడు. మిగతావి ఎవరికీ అక్కర్లేదు, తుడిచాను. లోపల మండిపోతున్నాను. చాదస్తం అనుకున్నాను. ఇంటికి ఫోను చేసి మా బాసుకు కాస్త తేడా ఉంది అని కూడా చెప్పాను. ఆఫీసులో మిగతావాళ్ళు దాన్ని "గోడ చదవడం" అనేవాళ్ళు. ఆ పేరు ఎందుకొచ్చిందో తెలియాలంటే నేను జవళగిరి వెళ్ళాల్సి వచ్చింది.

కుందారపల్లి పక్క గొర్రెలు మేపుకునే కొన్ని కుటుంబాలు కలిసి మా దగ్గరికి వచ్చాయి. ఏ పొట్టేలు ఏ తల్లికి పుట్టిందో గుర్తుండక, దగ్గరి రక్తం కలిసిపోయి, పిల్లలు బలం లేకుండా పుడుతున్నాయట. ఫోనులో చూసుకుంటే ఏ గొర్రె ఏ వంశమో చెప్పే ప్రోగ్రాము కావాలన్నారు. ఆ మందలన్నిటికీ మూలం మా తాయమ్మక్క పుట్టిల్లే. వాళ్ళమ్మ పాపమ్మవ్వ, ఆ ఇంటి ఆడపిల్లలు అత్తవారింటికి వెళ్ళేటప్పుడల్లా తన మందలోంచి ఆడపిల్లలను ఇచ్చి పంపింది. అంటే గొర్రె ఆడపిల్లలను. అవి పెరిగి కుందారపల్లి దాకా పాకాయి. వాటి పుట్టుపూర్వోత్తరాలు ఉన్నది ఒకే ఒక్కచోట, జవళగిరిలో పాపమ్మవ్వ ఇంటి గోడమీద.

తళి దాటాక బస్సు అడవి అంచున పోతుంది. ఆ ఆదివారం మంచు ఎంతగా ఉందంటే, రోడ్డుమీద నిలబడ్డ ఆవు కొమ్ములు ముందు కనిపించి, ఆవు తరవాత కనిపించింది. రాత్రి ఏనుగులు దిగాయని బస్సులో చెప్పుకుంటున్నారు, పక్కూరి చుట్టాలు వచ్చారన్నంత మామూలుగా. అవ్వ ఇల్లు పెంకుటిల్లు. సగం మనుషులకు, సగం గొర్రెలకు. మధ్యగదిలో వెలుతురు తక్కువ. కళ్ళు అలవాటు పడ్డాక, సున్నం కొట్టిన గోడమీద నేలనుంచి తలెత్తు దాకా ఎర్రమన్నుతో, బొగ్గుతో వరసలు కనిపించాయి. ఒక్కో వరస మొదట ఒక చెవి బొమ్మ: కొన కోసిన చెవి, చీల్చిన చెవి, పక్కన గాటు పెట్టిన చెవి. దాని పక్కన చుక్కలు, సున్నాలు, అడ్డగీతలు. చుక్క అంటే ఆడది, సున్న అంటే మగది, అడ్డగీత అంటే పోయింది. ముప్పైనాలుగు వరసలు. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఫోను తీశాను.

"బొమ్మ తీయొద్దు!" అంది అవ్వ గట్టిగా. "మందకు దిష్టి తగుల్తాది. రాసుకో కావలిస్తే."

"రాసుకుంటే దిష్టి తగలదా అవ్వా?"

"రాసేదానికి నువ్వు ఒగొగటే చూడల్ల కద. చూసినోళ్ళకు దిష్టి ఉండదు. చుమ్మా పట్టుకోనిపొయ్యేవాళ్ళకే."

ఏ పనీ పెట్టుకోకుండా ఊరికే చేసేదాన్ని అక్కడివాళ్ళు చుమ్మా అంటారు. నాకు ఆ మాట ఎంత నచ్చిందో! నాలుగు ఆదివారాలు ఆ గోడముందు చాపమీద కూర్చున్నాను, ఒళ్ళో లాప్‌టాప్‌తో. అవ్వ కర్ర పెట్టి ఒక్కో గుర్తూ చూపిస్తూ చెప్పేది, నేను నేరుగా కోడులోకి ఎక్కించేదాన్ని. బొల్లి మొహంది, కుంటిదాని కూతురు, మొండి తోకది, గాజుకళ్ళది. బయట గొర్రెలు పిలుచుకునేవి. మధ్యాహ్నం పెంకుల సందుల్లోంచి వెలుగు చుక్కలుగా గోడమీద పడి, ఏవి అవ్వ పెట్టిన చుక్కలో ఏవి ఎండవో తెలిసేది కాదు. నా జీవితంలో అంత హాయిగా నేను ఏ పనీ చేయలేదు.

గోడ చదవడం సంగతి అవ్వే చెప్పింది. ఏటా ఊరి పండగకు ముందు ఆ గోడకు సున్నం కొడతారు. కొట్టేముందు ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. అవ్వ గోడంతా పైకి చదువుతుంది. ఈ వరస నీది, ఆ వరస నీది అని ఒక్కొక్కరికి అప్పజెప్పుతుంది. వాళ్ళు దాన్ని నోట్లో పెట్టుకోవాలి. సున్నం ఆరాక వచ్చి ఎవరి వరస వాళ్ళు చెబితే, అవ్వ మళ్ళీ గీస్తుంది. తాయమ్మక్క ఆరేళ్ళప్పుడే రెండు వరసలు మోసిందట. ఒకసారి జాతరలో బొరుగులు తింటూ ఒక చుక్క మరిచిపోయిందనీ, ఆ ఏడాదంతా వాళ్ళమ్మ ఆ ఒక్క చుక్కకు దెప్పిందనీ తిరిగొచ్చేటప్పుడు బస్సులో అక్కే నవ్వుతూ చెప్పింది.

ఇక్కడ నా గుణం ఒకటి చెప్పాలి. సగం పనిని నలుగురిముందు పెట్టడమంటే నాకు చిన్నప్పటినుంచీ నామోషీ. ఆ గోడ పని పూర్తయ్యాక ఒకేసారి చూపించి అందరినీ అదరగొడదామనుకున్నాను. శనివారం నా వంతు వచ్చినప్పుడల్లా "ఇంకా కాలేదక్కా" అని వేరే పని ఏదో చెప్పి తప్పించుకున్నాను. మా కోడంతా ఏ రోజుకారోజు ఆఫీసు సర్వరులోకి వెళ్ళి భద్రంగా ఉండే ఏర్పాటు ఉంది. ఈ ఒక్క ఫోల్డరును మాత్రం పట్టించుకోవద్దని ఆ ఏర్పాటుకు నేనే చెప్పిపెట్టాను. నా సగం పని ఎవరూ తెరిచి చూడకూడదు కదా! తాయమ్మక్క అడిగింది కూడా.

"యాల దాస్తా ఉండావమ్మా?"

"దాయడం లేదక్కా. బాగా వచ్చాక చూపిస్తాను."

వేలు టక్కుమంది. నేను విననట్లే ఊరుకున్నాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం పెరుగన్నం తిని వచ్చి కూర్చున్నాను. కళ్ళు మూతలు పడుతున్నాయి. కింద షెడ్డులో గులాబీకట్టలకు కాగితం చుడుతున్న చప్పుడు వానలా ఉంది. ప్రోగ్రాముకు ఫోనులో కనిపించే పేజీలు చేర్చాలి. అలాంటి పేజీల అస్థిపంజరం మొత్తం ఒక్క ఆదేశంతో తయారుచేసిపెట్టే పనిముట్టు ఒకటి ఉంది. నల్లతెరమీద ఒక లైను టైపు చేస్తే చాలు, పాతిక ఫైళ్ళు పుట్టిస్తుంది. కొత్త ఫోల్డరులో చేయాల్సిన పని. నేను బద్ధకించి ఉన్న ఫోల్డరులోనే చేశాను. అది మర్యాదగానే అడిగింది: ఈ ఫైలు ముందే ఉంది, దీనిమీద రాయమంటారా? ఏదో సెట్టింగుల ఫైలు, సరే అన్నాను. ఇంకోటి అడిగింది, సరే అన్నాను. మూడోది అడిగేసరికి విసుగొచ్చింది. అన్నిటికీ సరే అనడానికి ఒకే అక్షరం ఉంది. అది నొక్కాను.

రెప్పపాటు కూడా పట్టలేదు. పచ్చటి అక్షరాలతో, అయిపోయింది, శుభం అన్నట్లు ఒక లైను వచ్చింది. గోడ ఉన్న ఫైలుకు నేను సొంతపేరు కూడా పెట్టలేదు, ఆ పనిముట్టు మొదట్లో ఇచ్చిన పేరే ఉంచేశాను. తెరిచి చూస్తే ముప్పైనాలుగు వరసలు లేవు. పదకొండు లైన్ల నమూనా కోడు ఉంది, ఊరికే లోకానికి నమస్కారం చెబుతూ. చెత్తబుట్ట వెతికాను, మీద రాసినవి చెత్తబుట్టలోకి పోవు. ఎడిటరు వెనక్కి తిప్పుదామంటే పొద్దున దాన్ని మూసి తెరిచాను, దానికేమీ గుర్తులేదు. సర్వరులో చూశాను. పట్టించుకోవద్దన్న మాటను అది బుద్ధిగా పాటించింది.

అయినా ఒక ధైర్యం ఉంది. గోడ ఉంది కదా. ఇంకో నాలుగు ఆదివారాలు కూర్చుంటే మళ్ళీ రాసుకోవచ్చు. సిగ్గు చంపుకుని వెళ్ళి తాయమ్మక్కకు చెప్పాను. ఆవిడ అరవలేదు.

"అది ఏమని అడిగింది నిన్ను?"

"ఉన్నదానిమీద రాయమంటారా అని అడిగిందక్కా."

"నువ్వేమంటివి?"

"అన్నిటికీ సరే అన్నాను."

"పాపం, అది అడిగే చేసింది కద" అంది తాయమ్మక్క. తిట్టినా బాగుండేది. ఆ తరవాత ఆవిడ చేతిలో కాయ ఒలవకుండా అలాగే ఉండిపోయింది. అప్పుడు అంది: "పోయిన ఆదివారమే సున్నం కొట్టిరమ్మా. ఊరి పండగ వస్తా ఉంది కద. మాయమ్మ ఈ తూరి గోడ చదవలే. నేనే అడిగినాను, చదవవా అమ్మా అని. 'ఏల? ఆ పాప పెట్టెలో అంతా రాసుకోనింది కద, చూసి గీసుకుందాంలే' అనింది."

ఎన్ని ఏళ్ళుగానో నోటినుంచి గోడకు, గోడనుంచి నోటికి జాగ్రత్తగా నడిచివచ్చిన మంద, నన్ను నమ్మి ఒక్క ఏడాది నడక మానేసింది. నేను ఒక్క అక్షరం నొక్కాను. కూర్చున్న చోటే ఏడ్చాను. తాయమ్మక్క ఊరుకోబెట్టలేదు. ఏడుపు అయ్యేదాకా కూర్చుని, "ఎల్లుండి పోదాం. మాయమ్మకు నేను చెప్పను. నువ్వే చెప్పల్ల" అంది.

ఆ ఆదివారం బస్సులో నేను దారంతా కళ్ళు మూసుకునే కూర్చున్నాను. అవ్వ గుమ్మంలోనే ఎదురొచ్చింది, ఎర్రమన్ను నానబెట్టి సిద్ధంగా పెట్టుకుంది. "వచ్చినావా బిడ్డా, నీకోసరమే చూస్తా ఉండాను. చెప్పు, గీసేస్తాను" అంది. ఆ మన్ను గిన్నె వైపే చూస్తూ చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు.

"మల్ల రాదా అది? కడిగితే, గీకితే?" అంది అవ్వ.

"రాదవ్వా."

"అట్లాంటిదాంట్లో యాల పెడితివి? నేను నీ మాట నమ్మి నా నోరు మూసుకుంటిని కదే!" అవ్వ మన్ను గిన్నెను పక్కకు నెట్టింది. "నాకు పదో పన్నెండో వరసలు జ్ఞాపకం ఉంటాయేమో. మిగిలినవి నేను యాడ తెచ్చేది? నా కూతుండ్లకు ఏమని చెప్పేది?"

ఆ మాటలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. నేను తల దించుకుని నిలబడ్డాను. గోడ తెల్లగా, ఒక్క మచ్చ లేకుండా, ఎంతో అందంగా ఉంది. అంత భయంకరమైన తెలుపు నేను మళ్ళీ చూడలేదు. ఇద్దరమూ అలా ఉంటే తాయమ్మక్క మాత్రం గదిలో తిరుగుతోంది. ఇరవై ఏళ్ళు ఇనపముక్కల్లో వెంట్రుకవాసి తేడాలు పట్టుకున్న కళ్ళు అవి. నీళ్ళకుండలు పెట్టే మూల దగ్గర ఆగింది, వంగింది. కుండలోంచి ముంచుకున్నప్పుడు చిందిన నీళ్ళతో అక్కడ గోడ తడిసి ఉంది. ఆ తడిలో, పాలలో పడ్డ కుంకుమలా, ఎర్రగా ఒక చీల్చిన చెవి.

"అమ్మా, ఈడ చూడు."

అవ్వ వచ్చి చూసింది. చెంబు ముంచి, దోసిట్లోకి పోసుకుని, గోడమీద చల్లింది. తడి పాకినంత మేరా సున్నం నీడలా పలచబడి, లోపలినుంచి చుక్కలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. నిద్రలోంచి కళ్ళు తెరిచినట్లు వచ్చాయి. ఆ ఏడు సున్నం ఒకే పూత వేశారట. నేను గబగబా లాప్‌టాప్ తీశాను.

"మూయి ఆ పెట్టె!" అంది తాయమ్మక్క. "ఆరిపోతాది. నోట్లో పెట్టుకో."

అవ్వ చదివింది. తాయమ్మక్క పైనున్న వరసలు తీసుకుంది, నేను మధ్యవి తొమ్మిది, మిగతావి అవ్వే పెట్టుకుంది. ఒకరు నీళ్ళు చల్లడం, ఇద్దరు పైకి చెప్పడం, ఆరిపోయేలోపు మళ్ళీ చెప్పడం. "కొన కోసిన చెవి, ఆడది, ఆడది, మగది, ఆడది పోయింది." ముగ్గురు ఆడవాళ్ళం, తడిసిన చీరలతో, చీకటిగదిలో, లేని గొర్రెలను పేరుపేరునా పిలుస్తున్నాం. బయటనుంచి ఉన్న గొర్రెలు పలికాయి. ఆ మధ్యాహ్నం నేను మేలుకునే ఉన్నానని ఇప్పుడు ప్రమాణం చేసి చెప్పలేను. కానీ ఆ తొమ్మిది వరసలు మాత్రం ఇప్పుడు లేపి అడిగినా చెబుతాను.

అడుగున మూడు వరసలు రాలేదు. నేలవార గోడ పెచ్చులూడితే మట్టితో మెత్తి, ఆపైన సున్నం కొట్టారు. ఎన్ని నీళ్ళు పోసినా మట్టి మట్టిలాగే ఉంది. ఒక వరస అవ్వకు గుర్తుంది. ఒకటి టైపు చేసిన నా వేళ్ళకు గుర్తొచ్చింది. మూడోది గాజుకళ్ళ గొర్రె వరస. అది బతికే ఉంది, గుమ్మంలోంచి తల పెట్టి మమ్మల్ని చూస్తూ ఉంది. కానీ దాని తల్లి ఎవరు?

"మొండి తోకదే అయ్యుండల్ల" అంది అవ్వ. "అట్లా రాసుకో బిడ్డా. ఎవురు చూసొచ్చిరి?"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఒక్కటి నిండితే ముప్పైనాలుగూ వచ్చినట్లే, నా తప్పు ఆనవాలు లేకుండా పోతుంది. రాసుకోబోయాను. వేలు టక్కుమంది, ఈసారి నీళ్ళకుండమీద.

"వద్దు. తెలీదని రాయి" అంది తాయమ్మక్క.

"అవ్వ చెబుతోంది కదక్కా."

"మాయమ్మ తోచింది చెప్పింది. తెలీనిచోట తోచింది రాస్తే, అదిన్నీ మీద రాసేదే కద. ఈ తూరి ఎవురూ నిన్ను అడగను కూడా అడగరు. ఖాళీగా ఉండనీ. చూసినప్పుడల్లా నీకు భయం ఉంటాది."

అవ్వ కూతురివైపు చూసి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, "ఇది చిన్నప్పట్నుంచీ ఇంతే" అంది. కోపమో మెచ్చుకోలో తెలీలేదు. తరవాత నా చేతికి ఎర్రమన్ను గిన్నె ఇచ్చింది. నా తొమ్మిది వరసలు నా చేతనే గోడమీద గీయించింది. నా చెవులు వంకరగా వచ్చాయని ఒకటే నవ్వు.

తరవాతి శనివారం నేను మొదటిసారి సగం పనిని నలుగురిముందు చెప్పాను. పోగొట్టిన సంగతితో సహా. ఉద్యోగం పోతుందేమోనని మనసులో ఉంది. తాయమ్మక్క అంతా విని, కాయలగిన్నె నావైపు జరిపింది. ప్రోగ్రాము కుందారపల్లివాళ్ళ ఫోనుల్లోకి వెళ్ళింది. గాజుకళ్ళ గొర్రె పక్కన తల్లి అన్నచోట "తెలీదు" అని ఉంటుంది. ఎవరైనా అడిగితే ఎందుకు తెలీదో నేనే చెప్పాలని అక్క షరతు. చాలామంది అడిగారు. చాలాసార్లు చెప్పాను. మొదట మొహం చెల్లేది కాదు, రానురాను కథలా అలవాటైంది.

తరవాతి ఏళ్ళలో అవ్వ నిద్రలోనే పోయింది. తాయమ్మక్కకు గొంతులో జబ్బు వచ్చింది. ఆపరేషను అయ్యాక ఇక మాట రాలేదు. నేను శనివారం శనివారం ఇంటికి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, ఆ వారం రాసినది చెప్పేదాన్ని. ఆవిడ కళ్ళు మూసుకుని వినేది. తప్పున్నచోట మంచంపట్టెమీద వేలు టక్కుమనేది. మాట లేని మనిషి దగ్గర ఆ చప్పుడు ఎంత ధైర్యంగా ఉండేదో చెప్పలేను. నేను ఆవిణ్ణి అమ్మకంటే ఎక్కువ ప్రేమించాను, ఆ మాట ఆవిడకు చెప్పలేదు. చెబితే వేలు తట్టేదేమోనని భయం. పోయిన చలికాలంలో ఆవిడ వెళ్ళిపోయింది. ఆవిడ లాప్‌టాప్ కొత్తవాళ్ళకు ఇవ్వాల్సివచ్చినప్పుడు, అన్నీ చెరిపేయమంటారా అని అది అడిగింది. మేం నలుగురం చుట్టూ కూర్చున్నాం. ఒక్కో ఫైలు పేరూ నేను పైకి చదివాను, ఇది ఎవరికైనా కావాలా అని అడిగాను. సాయంత్రం అయింది. అప్పుడు సరే అన్నాను.

ఇప్పుడు ఆఫీసు నేనే చూసుకుంటున్నాను. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది, "అక్కా, ఈ ఒక్క గడి ఖాళీ వల్ల ఆ వంశమంతా పైకి వెళ్ళేసరికి తెలీదు అని చూపిస్తోంది. ఏదో ఒకటి పెట్టేద్దామా?" కుర్చీ లాగి కూర్చోమన్నాను. మొదటినుంచీ చెప్పాను.

బాల్కనీలో ఎండ వచ్చింది. పక్కింటి గోడ ఆరిపోయి, పూర్తిగా తెల్లబడింది. సైకిలు లేదు. ఫోను మోగితే చూశాను. కుందారపల్లిలో గాజుకళ్ళదాని మనవరాలు ఈ తెల్లారుజామున ఈనింది, ఆడపిల్ల. అలా ఒక పిల్ల పుట్టినప్పుడల్లా దాని వంశం మొత్తం నా ఫోనుకు వస్తుంది. కావాలనే అలా పెట్టుకున్నాను. పైకి చదివాను: పిల్ల, దాని తల్లి, తల్లి తల్లి, ఆపైన గాజుకళ్ళది, గాజుకళ్ళదాని తల్లి తెలీదు. చదివి, అలవాటు ప్రకారం కాసేపు ఆగాను. ఎక్కడా ఏ చప్పుడూ లేదు.